తెరకెక్కిన హత్యలు: బెంగళూరు నేర్పిన సంగతులు

దాహమంటూ గుమ్మంలో నిలబడ్డవారికి మంచినీళ్లు లేవనకూడదని మన పెద్దలు చెప్పిన మాట. మా అమ్మ అయితే, నీళ్లతోపాటు ఒక బెల్లం ముక్క కూడా ఇచ్చేది. 1990వ దశకం చివర్లో మేము బెంగళూరు శివారులో కొత్తగా వేసిన ఒక లేఅవుట్‌లో కాపురం పెట్టినప్పుడు, పక్కింటి పెద్దావిడ మా ఆవిడకు చెప్పిన మొదటి జాగ్రత్త ఇది: "చూడమ్మా, ఎవరైనా ఆడమనిషి వచ్చి నీళ్లడిగితే తలుపు తీయకు. కిటికీలోంచి లేవని చెప్పు." మా అమ్మ ఊరినుంచి వచ్చినప్పుడు ఆ మాట విని నొచ్చుకుంది. ఇదేం ఊరురా, నీళ్లు లేవనే ఊరు, అంది.

ఆ జాగ్రత్త వెనుక నిజమైన భయం ఉంది. అప్పట్లో బెంగళూరు నాలుగు దిక్కులా పెరుగుతోంది. పొలాలు స్థలాలయ్యాయి. పది స్థలాలకు ఒక ఇల్లు లేచేది. మగవాళ్లు పొద్దున్నే బస్సెక్కి ఉద్యోగాలకు పోతే, ఇంట్లో ఇల్లాలు ఒక్కతే. కేక వేస్తే వినేవాడు లేడు. అలాంటి ఇళ్లను చూసి పెట్టుకుని, నీళ్ల పేరుతోనో అద్దె ఇల్లు వెతుకుతున్నామనో తలుపు తీయించి, గొంతు కోసి, ఉన్నదంతా ఊడ్చుకుపోయిన ముఠా ఒకటి తిరిగింది. అందులో ఆడవాళ్లూ మగవాళ్లూ ఉన్నారు, చాలామంది ఒకరికొకరు బంధువులే. హోసకోట దగ్గరి ఒక పల్లె పేరుతో పత్రికలు ఆ ముఠాకు పేరు పెట్టాయి. దండుపాళ్య. మన తెలుగులో దండుపాళ్యం.

ఈ ముఠా కథ 2012లో కన్నడంలో సినిమా అయింది. తర్వాత తెలుగులోకి వచ్చి మన జిల్లాల్లోనూ బాగా ఆడింది. ఆ సినిమా దగ్గరికి మళ్లీ వస్తాను. దానికి ముందు, పేరుమోసిన హత్యలు తెరకెక్కడం అనే ఈ అలవాటు ఎప్పటిదో కొంచెం వెనక్కి వెళ్లి చూద్దాం.

ఇది ఈనాటి రోగమని చాలామంది అనుకుంటారు. కాదు. మన దేశంలో సినిమాకు ఇంకా మాటలు కూడా రాని రోజుల్లోనే ఇది మొదలైంది. బొంబాయిలో చాంప్సీ-హరిదాస్ హత్య కేసు సంచలనం రేపితే, కోహినూర్ ఫిల్మ్ కంపెనీవారు 1924లో 'కాలా నాగ్' అనే మూకీ చిత్రం తీశారు. మరుసటి సంవత్సరమే ఇంకొకటి. 1925 జనవరిలో మలబార్ హిల్ మీద అబ్దుల్ ఖాదర్ బావ్లా అనే వర్తకుణ్ణి కారు ఆపి కాల్చి చంపారు. కారులో ఆయనతో ఉన్న ముంతాజ్ బేగం అంతకుముందు ఇందూరు మహారాజు ఆస్థాన నర్తకి. ఆ గొడవలో చివరికి మహారాజు తుకోజీరావు హోల్కరే 1926లో గద్దె దిగవలసి వచ్చింది. మహారాజు గద్దె దిగకముందే, 1925లోనే, 'కులీన కాంత' పేరుతో సినిమా వచ్చేసింది! పేపరులో వార్త ఆరకముందే తెరమీద బొమ్మ. అప్పటికీ ఇప్పటికీ ఈ వ్యాపారంలో తొందర ఒకటే.

జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'ఎం' చిత్రం 1931 మేలో విడుదలైంది. పిల్లల్ని చంపే హంతకుడి కథ అది. డ్యూసెల్‌డార్ఫ్ హంతకుడు పీటర్ కుర్టెన్ కథేనని జనం అనుకున్నారు. ఆ కుర్టెన్‌కు మరణశిక్ష అమలయింది జూలైలో. అంటే, సినిమా ఆడటం మొదలైననాటికి మనిషి ఇంకా జైల్లో బతికే ఉన్నాడన్నమాట. ఇటువంటి సినిమాలన్నిటికీ తప్పని చిక్కు ఇది. కథ కోర్టులో పూర్తయ్యేవరకు సినిమావాళ్లు ఆగలేరు. ఆగితే జనానికి ఆసక్తి పోతుంది. ఆగకపోతే నిజం తేలదు.

ఇక బెంగళూరుకు వద్దాం.

కెంపేగౌడ రోడ్డు, గాంధీనగరం చుట్టుపక్కల సినిమాహాళ్లకు వెళ్లిన తెలుగువాళ్లకు ఒక సంగతి తెలుసు. మనవాళ్లకు అక్కడ పరాయితనం లేదు. సాగర్, సంతోష్, నర్తకి, కపాలి. వీటిలో కపాలి 2017లో మూతబడింది. ఆ హాళ్ల బయట ఒకే గోడమీద కన్నడ పోస్టరూ తెలుగు పోస్టరూ పక్కపక్కనే అంటించేవారు. నేరం కథల్లోనైతే ఈ రెండు భాషల మధ్య రాకపోకలు ఇంకా ఎక్కువ. 1995లో ఉపేంద్ర తీసిన 'ఓం' సినిమాలో బెంగళూరు రౌడీలు కొందరు నిజంగానే కెమెరా ముందుకు వచ్చి చిన్న చిన్న వేషాలు వేశారు. దాన్నే రాజశేఖర్‌తో 1997లో 'ఓంకారం'గా మనకు చూపించారు. మరుసటేడు, 1996లో, మన సాయికుమార్ 'పోలీస్ స్టోరీ'తో కన్నడిగులకు ఇంటి మనిషైపోయాడు. కానీ ఇవి కల్పిత కథలు. రౌడీ నిజం, కథ అబద్ధం.

కథ కూడా నిజమే అయిన సినిమా 2007లో వచ్చింది, 'ఆ దినగళు'. అంటే ఆ రోజులు అని. 1986లో జరిగిన కొత్వాల్ రామచంద్ర హత్య అందులో వస్తువు. కొత్వాల్ అంటే ఆ కాలంలో బెంగళూరు గడగడలాడిన పేరు. ఈ సినిమాకు ఆధారం అగ్ని శ్రీధర్ రాసుకున్న 'దాదాగిరియ దినగళు'. ఆ హత్యలో పాలు పంచుకున్న మనిషే తర్వాత పత్రికా సంపాదకుడై, రచయితై, జరిగినదాన్ని పుస్తకంగా రాశాడు. స్క్రీన్‌ప్లేలో గిరీష్ కర్నాడ్ చేయి కూడా ఉంది. కె. ఎం. చైతన్య దర్శకుడు. సినిమా మంచిదే. ఎక్కడా అరుపులు లేవు, మనుషులు మామూలుగా మాట్లాడుకుంటారు. కానీ చూసి బయటికొచ్చాక నాకొక ప్రశ్న మిగిలింది. చచ్చిన కొత్వాల్ ఎంత దుర్మార్గుడైనా కావచ్చు, ఆయన వైపు కథ చెప్పడానికి ఆయన లేడు. చంపినవాళ్లలో ఒకరి కలమే మనకు సాక్ష్యం. చరిత్ర గెలిచినవాడు రాస్తాడని అంటారు కదా. హత్యల చరిత్రలో ఆ మాట మరీ నిక్కచ్చిగా వర్తిస్తుంది.

బెంగళూరు నేర చరిత్రలో 1991 ఒక వింత సంవత్సరం. ఆ ఏడాది మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. సరిగ్గా ఆ నెలాఖరులోనే బెంగళూరు రిచ్‌మండ్ రోడ్డులో ఒక పెద్ద బంగళాలో ఒకావిడ మాయమైంది. మొదటిది దేశమంతా ఎరిగిన హత్య. రెండోదాన్ని హత్య అని మూడేళ్లదాకా ఎవరూ ఎరగరు. రెండూ తెరకెక్కాయి. రెండూ చివరికి ఒకే తీర్పులో కలుసుకున్నాయి. ఇది నా కల్పన కాదు, వినండి.

మొదట రాజీవ్ హత్య. కుట్ర నడిపిన శివరాసన్, అతనితోపాటు శుభ, ఇంకొందరు తమిళనాడునుంచి తప్పించుకుని బెంగళూరు చేరారు. నగరానికి దక్షిణాన, కనకపుర రోడ్డు వైపు, కోణనకుంట అనే చోట ఒక అద్దె ఇంట్లో దాక్కున్నారు. ఆగస్టులో పోలీసులకు ఆచూకీ దొరికింది. ఇంటిని చుట్టుముట్టారు. వెంటనే లోపలికి దూకలేదు, ప్రాణాలతో పట్టుకోవాలని ఆగారు. ఆగస్టు 20 ఉదయం కమాండోలు లోపలికి వెళ్లేసరికి ఏడుగురూ చచ్చి పడి ఉన్నారు. శివరాసన్ తుపాకీతో కాల్చుకున్నాడు, మిగతావాళ్లు సైనైడు మింగారు. ఆగస్టు 20 రాజీవ్ గాంధీ పుట్టినరోజు. కథ రాసేవాడు ఇలా రాస్తే అతిశయోక్తి అని కొట్టేస్తాం.

ఎ. ఎం. ఆర్. రమేష్ 2006లో ఈ చివరి రోజుల్ని 'సైనైడ్' పేరుతో కన్నడంలో తీశాడు. శివరాసన్‌గా రవి కాళే, శుభగా మాళవిక, ఆ ఇంటి ఇల్లాలుగా తార నటించారు. నేను చూసిన ఇటువంటి సినిమాల్లో దీనికి ఎక్కువ మార్కులు వేస్తాను. ఎందుకంటే, రమేష్ కెమెరాను కుట్రదారుల బుర్రలో పెట్టలేదు, పోలీసు జీపులోనూ పెట్టలేదు. వంటింట్లో పెట్టాడు. ఇంటికి అతిథులు వచ్చారు. వాళ్లెవరో ఇల్లాలికి మెల్లమెల్లగా అర్థమవుతుంది. అర్థమయ్యాక అన్నం వడ్డించే చేయి వణుకుతుంది. బయటికి వెళ్లి ఎవరికైనా చెబుదామంటే గుమ్మం దాటనివ్వరు. పాలవాడు వస్తాడు, పోతాడు. చరిత్రపుస్తకంలో ఒక పేరాగా ఉండే సంగతి ఒక ఇంట్లో పొద్దుటినుంచి రాత్రిదాకా ఎలా గడుస్తుందో ఆ సినిమా చూపిస్తుంది. తార ముఖం చూస్తుంటే, అద్దెకిచ్చేముందు ఎవరికిస్తున్నామో అడగాలన్న భయం బెంగళూరు ఇళ్లవాళ్లకు ఎక్కడ పట్టుకుందో తెలుస్తుంది. 1991 తర్వాత ఆ నగరంలో అద్దె ఇంటికోసం తిరిగిన ఏ తమిళుణ్ణయినా అడగండి, ఆ భయం వాళ్లమీద ఎలా వాలిందో చెబుతాడు.

ఇక రిచ్‌మండ్ రోడ్డు. మాయమైన ఆవిడ పేరు షాకెరె. మైసూరు సంస్థానానికి 1926నుంచి 1941దాకా దివానుగా పనిచేసిన సర్ మీర్జా ఇస్మాయిల్ మనుమరాలు. మొదటి భర్త విదేశాంగ శాఖలో పెద్ద ఉద్యోగి. ఆయనతో విడిపోయి 1986లో మురళీ మనోహర్ మిశ్రా అనే వ్యక్తిని పెళ్లాడింది. స్వామి శ్రద్ధానంద అని చెప్పుకునేవాడు ఆయన. 1991 మే నెలాఖరు తర్వాత ఆమె ఎవరికీ కనబడలేదు. అమ్మ ఎక్కడ అని కూతురు అడిగితే అక్కడుంది, ఇక్కడుందని చెబుతూ వచ్చాడు. కూతురు పట్టు వదలలేదు. 1992లో పోలీసులకు ఫిర్యాదు చేసింది. 1994లో ఆ బంగళా ఆవరణలోనే తవ్వితే చెక్కపెట్టెలో ఆమె అస్థిపంజరం బయటపడింది. మూడేళ్లు ఆ నేలమీదే మనుషులు నడిచారు.

ఇక్కడ సినిమాకు సంబంధించిన విశేషం ఒకటుంది. ఆ తవ్వకమంతా పోలీసులు వీడియో తీయించారు. ఆ టేపు కోర్టుకు సాక్ష్యంగా వెళ్లింది. డి.ఎన్.ఎ. పరీక్ష కూడా జరిగింది. అంటే, బెంగళూరు హత్యలమీద తీసిన చిత్రాల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది హాల్లో ఆడలేదు, దానికి టిక్కెట్టూ లేదు, పాటా లేదు. న్యాయమూర్తులు చూసిన ఆ వీడియోయే అది. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత, 2023లో, 'డాన్సింగ్ ఆన్ ద గ్రేవ్' అనే డాక్యుమెంటరీ సిరీస్ వచ్చింది. ఆ పేరుకు అర్థం, సమాధిమీద నాట్యం. శ్రద్ధానంద స్వయంగా అందులో తన వైపు కథ చెప్పుకున్నాడు. చచ్చినవాళ్లకు లేని ఆ అవకాశం, చూశారా, శిక్షపడ్డవారికి మళ్లీ దొరికింది.

తీర్పు సంగతి. కింది కోర్టు 2005లో ఉరి వేసింది, హైకోర్టు ఖాయం చేసింది. సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులకు శిక్ష విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదు. ముగ్గురి ధర్మాసనం 2008 జూలైలో ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. ఉరి వద్దు, కానీ పద్నాలుగేళ్లకు వదిలిపెట్టే మామూలు యావజ్జీవమూ కాదు, ఊపిరున్నంతవరకు జైలే, తగ్గింపు లేదు అని. ఇలా విధించవచ్చా అని తర్వాత పెద్ద చర్చ జరిగింది. 2015 డిసెంబరులో రాజ్యాంగ ధర్మాసనం, విధించవచ్చని తేల్చింది. ఆ కేసు ఎవరిదో తెలుసా? రాజీవ్ హత్యకేసులో శిక్షపడ్డవారి విడుదలకు సంబంధించినది! కోణనకుంటా రిచ్‌మండ్ రోడ్డూ అలా ఒక తీర్పులో కలిశాయి. రాజీవ్ కేసు దోషుల్లో చివరి ఆరుగురు 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశంతో బయటికి వచ్చారు. ఈ ముడిని ఏ సినిమావాడూ పట్టుకోలేదు. ధర్మాసనాల మధ్య రక్తం ఉండదు కదా, ఎందుకు పట్టుకుంటాడు?

వీరప్పన్ మీద వచ్చిన చిత్రాల గురించి చెప్పాలంటే ఒక సాయంత్రం చాలదు. రెండు మాటల్లో ముగిస్తాను. అదే రమేష్ 2013లో తీసిన 'అట్టహాస' మీద వీరప్పన్ భార్య ముత్తులక్ష్మి కోర్టుకెక్కింది. వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్లి, ఆమెకు 25 లక్షల రూపాయలు ఇచ్చే ఒప్పందం మీద తేలింది. రెండోది మన రాంగోపాల్ వర్మ 'కిల్లింగ్ వీరప్పన్', 2016 జనవరి 1న విడుదల. అందులో వీరప్పన్‌ను వేటాడే పోలీసు వేషం వేసింది శివరాజ్‌కుమార్. 2000 సంవత్సరంలో వీరప్పన్ ఎత్తుకుపోయి 108 రోజులు అడవిలో ఉంచింది ఆయన తండ్రి డాక్టర్ రాజ్‌కుమార్‌నే. కొడుకు ఆ వేషం వేసినప్పుడు హాల్లో ఈలలు వేసినవాళ్లకు అది నటన మాత్రమే కాదు.

ఇలా బతికున్నవారి కథ, జైల్లో ఉన్నవారి కథ వాళ్లనడక్కుండా చెప్పవచ్చా? దీనికి మన దేశంలో దారి చూపిన తీర్పు కూడా ఒక హంతకుడి పుణ్యమే. రాసింది మన తెలుగు న్యాయమూర్తి. మద్రాసులో ఆరు హత్యలు చేసిన ఆటో శంకర్ జైల్లో ఆత్మకథ రాశాడు. అందులో కొందరు అధికారులతో తనకున్న సంబంధాల ప్రస్తావన ఉంది. 'నక్కీరన్' పత్రిక వేయబోతే అధికారులు వద్దన్నారు. 1994 అక్టోబరులో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ బి. పి. జీవన్‌రెడ్డి తీర్పు చెప్పారు. కోర్టు కాగితాల్లాంటి ప్రజా దస్తావేజుల్లో ఉన్నదాన్ని ఎవరి అనుమతీ లేకుండా ప్రచురించవచ్చు. దాన్ని దాటి మనిషి సొంత జీవితంలోకి చొరబడితే ఆ బాధ్యత రాసినవాడిదే. ప్రభుత్వం మాత్రం ముందుగానే అడ్డుకోజాలదు. అత్యాచారం వంటి నేరాలకు బలైన స్త్రీల పేరు ఎట్టి పరిస్థితుల్లోనూ బయటపెట్టరాదు. ఆటో శంకర్‌ను 1995లో సేలం జైల్లో ఉరితీశారు. ఈ తీర్పు మాత్రం ఆ తర్వాత నిజ నేరాల సినిమాలు తీసిన ప్రతివారికీ గొడుగైంది.

గొడుగు ఉన్నా వాన ఆగదు. బొంబాయి పేలుళ్ల మీద అనురాగ్ కశ్యప్ తీసిన 'బ్లాక్ ఫ్రైడే'ను, విచారణ ముగియలేదన్న కారణంగా కోర్టు ఆపింది. 2007 ఫిబ్రవరిలో గాని అది బయటికి రాలేదు. మనవైపు చూస్తే, 2018 సెప్టెంబరులో మిర్యాలగూడ ఆసుపత్రి బయట పట్టపగలు జరిగిన కులహత్య మీద వర్మ సినిమా తీస్తే అదీ నల్గొండ కోర్టుకు, హైకోర్టుకు వెళ్లింది. 2020 డిసెంబరులో విడుదలైంది. అసలు కేసులో తీర్పు వచ్చింది 2025 మార్చిలో. సినిమా తీర్పుకన్నా నాలుగేళ్లకు పైగా ముందు నడిచింది. భర్తను పోగొట్టుకున్న పిల్ల బతికుంది, ఆ రోజును మరచిపోవాలనుకుంటోంది. ఆమె వయసు వేరే పిల్లతో ఆ వేషం వేయించి పోస్టరు అంటించడం చట్టం ఒప్పుకున్నా నాకు మనసొప్పలేదు. నేనా సినిమా చూడలేదు.

ఇప్పుడు దండుపాళ్యానికి మళ్లీ వద్దాం.

శ్రీనివాస రాజు దర్శకుడు. 'ముంగారు మళె'లో వానలో తడిసి కన్నడ కుర్రకారు గుండెల్లో చోటు సంపాదించిన పూజా గాంధీ ఇందులో బీడీ కాలుస్తూ, చింపిరి జుట్టుతో ముఠాలోని లక్ష్మిగా వచ్చేసరికి జనం నోళ్లు తెరిచారు. మకరంద్ దేశ్‌పాండే ముఠా నాయకుడు. వాళ్లను పట్టుకునే ఇన్‌స్పెక్టరు చలపతిగా పి. రవిశంకర్. సాయికుమార్ తమ్ముడే. 'అరుంధతి'లో పశుపతికి గొంతు ఇచ్చిన మనిషంటే మీరు వెంటనే గుర్తుపడతారు. చలపతి అనే పోలీసు అధికారి నిజంగానే ఈ ముఠా దర్యాప్తు నడిపినవాడు, సినిమా ఆ పేరే వాడుకుంది.

నేను మెజెస్టిక్ దగ్గరి హాల్లో చూశాను. గొంతు కోసే దృశ్యాల్లో హాలంతా చడీచప్పుడు లేదు. నా ముందు వరుసలో ఒకాయన ప్రతిసారీ తల దించుకున్నాడు. తల దించుకునేలా తీయడం గొప్పేనా అంటే, తెలియదు. కానీ ఒకటి గమనించాను. చంపబడిన ఆ ఇల్లాళ్లలో ఒక్కరి పేరు కూడా సినిమా అయ్యాక నాకు గుర్తులేదు. తలుపు తీసింది, చచ్చిపోయింది, అంతే. ముఠాలో ఎవరికి ఎవరు ఏమవుతారో, ఎవరు ఎలా నవ్వుతారో అంతా గుర్తుంది. బీడీ వెలిగించే తీరు గుర్తుంది. మా పక్కింటి పెద్దావిడ భయపడింది మాత్రం ఆ తలుపు తీసే ఇల్లాలి స్థానంలో తనను ఊహించుకునే.

ఇంకో సంగతి. మొదటి భాగం కథంతా పోలీసు ఫైలు చెప్పే కథ. 2017లో వచ్చిన రెండో భాగంలో దర్శకుడు ప్లేటు తిప్పాడు. శ్రుతి వేసిన విలేకరి పాత్ర జైలుకెళ్లి ముఠావాళ్లతో మాట్లాడుతుంది. మాకేమీ తెలియదు, కొట్టి ఒప్పించారు, పరిష్కారం కాని కేసులన్నీ మా నెత్తిన రుద్దారు అని వాళ్లంటారు. ఠాణాలో చిత్రహింసలు కళ్లకు కట్టినట్టు చూపించారు. చూసేవాడికి అనుమానం పుట్టింది. 2018లో మూడో భాగం వచ్చి ఆ అనుమానాన్ని తుడిచేసి, కాదు, వీళ్లే హంతకులని ముగించింది. ఒకే దర్శకుడు, ఒకే ముఠా, మూడు టిక్కెట్లు, మూడు నిజాలు. అసలు కోర్టుల్లో ఏం జరిగిందంటే, ప్రత్యేక న్యాయస్థానం కొందరికి ఉరిశిక్ష వేసింది, అప్పీళ్లలో శిక్షలు కొన్ని మారాయి. కేసుకొక సాక్ష్యం, సాక్ష్యానికొక బలాబలం. ఇది సినిమాకు పనికిరాదు. సినిమాకు ముఠా అంటే ఒకే ముద్ద.

పోలీసు ఫైలును నమ్మి తీస్తే ఏమవుతుందో చెప్పడానికి దూరదేశపు ముచ్చట ఒకటి. కొరియాలో హ్వాసాంగ్ అనే ప్రాంతంలో 1986నుంచి వరసగా స్త్రీల హత్యలు జరిగాయి. హంతకుడు దొరకలేదు. బాంగ్ జూన్-హో 2003లో దానిమీద 'మెమరీస్ ఆఫ్ మర్డర్' తీశాడు. అందులో పోలీసులు తెలివైనవాళ్లు కారు. అమాయకుల్ని పట్టుకుని తన్నుతారు, సాక్ష్యం పుట్టిస్తారు, చివరికి ఎవరో తెలియకుండానే సినిమా అయిపోతుంది. 2019లో డి.ఎన్.ఎ. ద్వారా అసలు మనిషి బయటపడ్డాడు. అందులో ఒక హత్యకు ఇరవై ఏళ్లు జైల్లో మగ్గిన వేరొకడు నిర్దోషి అని 2020లో కోర్టు ప్రకటించింది. తెలియదని ఒప్పుకున్న సినిమా అది. అందుకే పదహారేళ్ల తర్వాత నిజం బయటపడ్డప్పుడు అది సిగ్గుపడవలసిన అవసరం రాలేదు.

మళ్లీ మన ఊళ్లకు. దండు అంటే సైన్యం. బెంగళూరు కంటోన్మెంటును కన్నడంలో ఇప్పటికీ దండు అనే అంటారు. పాళ్య అంటే మన పాలెం. ఎంత మామూలు పేరు! ఈనాడు తెలుగుదేశంలో దొంగతనం జరిగితే దండుపాళ్యం తరహా ముఠా అని పేపర్లు రాస్తాయి. రాజకీయ నాయకులు ఒకరినొకరు దండుపాళ్యం బ్యాచ్ అని తిట్టుకుంటారు. ఆ తిట్టే నాయకుల్లో ఎంతమంది ఆ ఊరు చూసి ఉంటారు? హోసకోట, కోలారు వైపు ఇళ్లల్లో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది. ఆ తిట్టు వాళ్ల చెవినా పడుతుంది, వాళ్ల భాషలోనే.

ఈ రకం మచ్చ మనకు కొత్త కాదు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఉంది. నేరస్థ తెగల చట్టం కింద, సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో, 1913 ప్రాంతంలో ఎరుకలవారి కోసం పెట్టిన సెటిల్‌మెంటు అది. పుట్టుకతోనే ఒక కులమంతా దొంగలని రాసిపెట్టిన ఆ చట్టం 1952లో రద్దయింది. చట్టం పోయినా పేరు పోలేదు. 1991 ఒక్క సంవత్సరంలోనే 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్' అని చిరంజీవి సినిమా, 'స్టువర్టుపురం దొంగలు' అని భానుచందర్ సినిమా వచ్చాయి. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చినప్పుడు విడుదలకు ముందే ఎరుకలవారి అభ్యంతరం హైకోర్టు మెట్లెక్కింది. ఆ ఊళ్లో ఇంటింటికీ తిరిగి, దొంగతనం మాన్పించి, పిల్లల్ని బడిలో వేయించడానికి ఏళ్లతరబడి పాటుపడిన హేమలతా లవణం, జాషువాగారి కూతురు. లవణంగారితో కలిసి ఆవిడ చేసిన పనిమీద అంత పెద్ద పోస్టరు నేనెక్కడా చూడలేదు.

కొన్నేళ్ల క్రితం హోసకోట బస్సులో నా పక్కన ఒక కుర్రాడు కూర్చున్నాడు. తెలుగువాడే. బెంగళూరులో ఏదో కంపెనీలో ఉద్యోగం, శనివారం ఇంటికి పోతున్నాడు. మాటల్లో, ఏ ఊరు నాయనా అని అడిగాను. హోసకోట దగ్గర సార్ అన్నాడు. హోసకోట దగ్గరంటే ఏ పల్లె అన్నాను, ఊరికే. ఒక్క క్షణం కిటికీ వైపు చూశాడు. దగ్గరే సార్ అన్నాడు. నేను మళ్లీ అడగలేదు. ఎండ ఎక్కువగా ఉంది. సంచిలోంచి సీసా తీసి, నీళ్లు తాగుతారా అని నాకే ముందు ఇచ్చాడు.